చొక్కా తొడిగిన ఆంప్లిఫయర్

ఈ జ్ఞాపకంలో నాకు ఖాయంగా తెలిసినవి కొన్నే. ఎనభైల నడుమ, పర్చూరుకు సైకిలు మీద వెళ్లిరాగలిగినంత దూరంలో ఉన్న మా ఊళ్లో, మా ఇంటి ముందుగది బల్ల మీద ఒక స్టీరియో ఆంప్లిఫయర్ ఉండేది. టేపురికార్డరు తీగను దాని వెనక గుచ్చితే, గదికి రెండు మూలలా ఉన్న స్పీకరు పెట్టెల్లోంచి పాట వచ్చేది. అది ఎండాకాలంలో తరచు చెడిపోయేది. అమ్మ దానికి ఒక చొక్కా కుట్టింది. వీటిని నేను స్వయంగా చూశాను, విన్నాను. ఆ పెట్టెను నా చేతులతోనే విప్పాను కూడా.

తక్కినది వినికిడి. ఆ పెట్టెను గుంటూరులో ఒక ఇంజనీరు స్వయంగా తయారుచేశాడని నాన్నకు దాన్ని అమ్మినాయన చెప్పాడు. లోపలి అతుకులు చూశాక ఇంజనీరు సంగతి నేను నమ్మలేదు. దాని ట్రాన్స్‌ఫార్మరు మద్రాసు రేవులో ఓడ దిగిన సరుకని కూడా ఆయనే చెప్పాడు. అలాంటివి మద్రాసు వీధుల్లోనే రాగితీగ చుట్టి అమ్ముతారని తరవాత తెలిసింది. మిరపకాయ ఘాటు ట్రాన్సిస్టర్లను తినేస్తుందని పర్చూరు రేడియో మెకానిక్ చెప్పాడు. మిరపకోతలకు వెళ్లే ఆడవాళ్ల గొంతు ఎన్నాళ్లో నిలవదని ఊరంతా చెప్పేది. ఈ చివరి రెండు మాటలూ ఒకే వేసవిలో మా ముందుగదిలో కలుసుకున్నాయి. అవి కలవడం వల్ల ఒకామె, తాను కోరి తెచ్చుకున్న ఈస్టరు పాటను పోగొట్టుకోబోయింది.

నాన్న మిషను బడిలో ఉపాధ్యాయులు. చర్చిలో క్వయిరుకు పాటలు నేర్పే బాధ్యత కూడా ఆయనదే. ఆయనకొక పద్ధతి ఉండేది. చర్చిలో జరిగిన ప్రాక్టీసును టేపులో పట్టుకొచ్చి, మర్నాడు సాయంత్రం వాలుకుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా వినేవారు. ఎదురుగా పాడుతున్నప్పుడు మనిషిని చూసి మొహమాటపడతామనీ, టేపు దగ్గర ఆ ఇబ్బంది లేదనీ ఆయన వాదన. గుంటూరులో బీయస్సీ చదువుతూ, సెలవులకు ఇంటికి వచ్చిన నాకు ఆ పద్ధతి తిరుగులేనిదిగా కనిపించేది. కొలిచే పరికరాన్నే ముందు పరీక్షించాలని మా భౌతికశాస్త్రం మేడమ్ ప్రతి ప్రయోగానికీ ముందు చెప్పేవారు. అది ప్రయోగశాల గోడల మధ్య వర్తించే నియమమని అనుకునేదాన్ని.

మా ఊళ్లో ఈస్టరు తెల్లవారుజాము ఆరాధన చర్చిలో జరగదు, సమాధుల తోటలో జరుగుతుంది. చీకటి ఉండగానే ఎవరి వాళ్ల సమాధుల దగ్గర వాళ్లు కొవ్వొత్తులు వెలిగించుకుని నిలబడతారు. మొదటి పాట మొదటి చరణాన్ని ఏ వాద్యమూ లేకుండా ఒక్క గొంతే ఎత్తుకుంటుంది. రెండో చరణానికి తోటంతా అందుకుంటుంది. ఆ ఒక్క గొంతు ఎవరిదన్నది మా ఊళ్లో చిన్న విషయం కాదు.

ఆ ఏడాది అది మా వీధి చివరి ఇంటి అక్కది. ఆమె కూలిపనికి వెళ్లేది. మాఘం మొదలుకొని వేసవి దాకా మిరపకోతలే. అంతకు ముందు ఏడాది ఆమె భర్త జ్వరంతో పోయాడు. ఆయన్ని ఆ తోటలోనే పెట్టారు. క్వయిరులో వెనక వరసలో నిలబడి, ఎవరినీ ఏదీ అడగని మనిషి, ఆ చరణం మటుకు తనకు కావాలని నాన్నను అడిగింది. నాన్న వెంటనే సరేనన్నారు. ఆమె గొంతు మీద ఆయనకు అంత నమ్మకం.

ఇక పెట్టె సంగతి. మా ఇంటి ఎదురుగా ఒక రైతు కుటుంబం వాళ్ల మిరపకాయల కల్లం ఉండేది. కాయలు ఎండబోసినప్పుడూ, తొక్కి టిక్కీలకు, అంటే పెద్ద గోనెసంచులకు, ఎత్తేటప్పుడూ గాలి మా ఇంటివైపే తిరిగేది. అన్నం తింటుంటే తుమ్ములు, దుప్పటి దులిపితే దగ్గు. ఆంప్లిఫయరు పైమూతకు ఇనపజల్లెడ లాంటి కన్నాలుండేవి. లోపలి వేడి పోవడానికి పెట్టిన దారి అది. దానిగుండా ఎర్రటి ధూళి లోపలికి దిగేది. పెట్టె మొదటిసారి చెడినప్పుడు పర్చూరు మెకానిక్ మూత తీసి నాన్నకు చూపించాడు. చేపల పులుసులో వేసినంత కారం ఉంది కదా మాస్టారూ, ఘాటు పట్టకుండా ఎట్లా ఉంటది, అన్నాడు. కుంచెతో దులిపి, ఏదో ఒక అతుకు మళ్లీ వేసి ఇచ్చాడు.

అమ్మ ఆ మాటను మనసులో పెట్టుకుంది. చిక్కటి నూలుగుడ్డతో పెట్టెకు కొలతలు తీసి చొక్కా కుట్టింది. మామూలుగా అందరిళ్లలోనూ రేడియోలకు గుడ్డ తొడుగులు ఉండేవి. పాట పెట్టుకునేటప్పుడు వాటిని తీసేవాళ్లు. అమ్మ ఇంకొంచెం ముందుకు ఆలోచించింది. మీటలు బయటికి వచ్చేలా ముందువైపు గుండీకాజాల్లాంటి కన్నాలు కుట్టి, చొక్కా తీయనక్కర్లేకుండానే పాట వినే ఏర్పాటు చేసింది. ఛాతీమీద నీలందారంతో ఒక బైబిలు వాక్యం, అంచున ద్రాక్షగుత్తులు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పెట్టె మళ్లీ చెడింది. మెకానిక్ మళ్లీ ఘాటు అన్నాడు. అమ్మ లోపల ఇంకో పొర వేసింది. మూడోసారి చెడినప్పుడు రెండు పొరల మధ్య పల్చగా దూది పరిచి, బొంతకు వేసినట్టు అడ్డదిడ్డంగా కుట్లు వేసింది. దూదికి మా ప్రాంతంలో కరువు లేదు. ఒక్కో రిపేరుకూ చొక్కా మందమవుతూ వచ్చింది. రిపేరుకూ రిపేరుకూ మధ్య కాలం తగ్గుతూ వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

మెకానిక్ మాత్రం ఒక మాట అనేవాడు. "మీ ఇంటికీ దీనికీ పడట్లేదు మాస్టారూ. నా షాపులో పిల్లిపిల్ల లాగా ఉంటది. మీ గుమ్మం తొక్కితే మొదలెడతది." దాన్ని మేమంతా హాస్యంగానే తీసుకున్నాం.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా రాకముందు ఒక సాయంత్రం నాన్న కుర్చీలోంచి లేచి, టేపు వెనక్కి తిప్పి, అదే చోటు మళ్లీ విన్నారు. అక్క చరణంలో స్వరం పైకి వెళ్లేచోట గొంతు రెండుగా చీలి, బరకగా వచ్చింది. మర్నాటి ప్రాక్టీసు టేపులోనూ అంతే. నేనూ విన్నాను, అమ్మా విన్నది. అనుమానం లేకుండా చీలింది. 

మర్నాడు ఆమె కోతనుంచి వస్తుంటే గేటు దగ్గర ఆపారు. తలమీద గోనెగుడ్డ తీయలేదు. కోత చేతులు కావడంతో మొహానికి తగలనీయకుండా మోచేత్తో చెమట తుడుచుకుంటోంది.

"పైకెళ్లేచోట గొంతు చీలుతోందమ్మా. ఘాటు పట్టినట్టుంది. ఈ ఏడాదికి విశ్రాంతి ఇద్దాం."

"ఘాటు పడితే దగ్గొచ్చుద్ది మాస్టారూ. పాటెందుకు చీలుద్ది?"

"టేపులో వినపడుతోందమ్మా. ఒకసారి కాదు."

 ఎవరు పాడతారని ఆమె అడిగింది. హెడ్మాస్టరుగారి కోడలని నాన్న చెప్పారు.

"మంచిదండి. మా ఆయన కాడ మాత్రం ఆమెను నిలబడొద్దనండి. అక్కడ నేనుంటా, పాడకపోయినా."

అంతే. వెళ్లిపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నాన్న లోపలికి వచ్చాక, ఆయనవైపు చూడకుండానే, "టేపు చెప్పింది నిజమే కావచ్చు లెండి. దానికేం, మొగుడు పోలేదుగా," అంది. నాన్నకు కోపం రాలేదు. పాట చెడితే అందరి ముందూ చిన్నబోయేది ఆమే కదా, ముందే చెప్పడం మేలని నెమ్మదిగా అన్నారు. అందులో దయే ఉంది. అయినా ఆ రాత్రి ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

నాకు ఆ విషయంలో ఏ అనుమానమూ లేదు. టేపు చెప్పింది టేపు చెప్పినట్టే నమ్మాను. అనుమానం మొదలైంది మరుసటి రోజు వీధికుళాయి దగ్గర. అక్క బిందె కింద పెట్టి నన్ను పలకరించింది.

"అమ్మాయ్, పెద్ద చదువు చదువుతున్నావంట. టేపు అబద్ధం చెప్పిద్దా?"

చెప్పదక్కా, అది పట్టుకున్నదే వినిపిస్తుంది, అన్నాను.

"అయితే నా గొంతు అలిసి ఉంటదిలే. అందరూ పాడి ఇళ్లకెళ్లే వేళకు గదా నేను ప్రాక్టీసుకొచ్చేది. కాటా అయ్యి, ఆ రైతు వదిలేసరికే దీపాలు పెడతారు."

తన గొంతు అలసట గురించి ఆమె చెప్పింది. నా బుర్రలో మటుకు ఇంకొకటి నిలబడింది. ఆమె చివర వస్తుంది కనక ఆమె చరణం ఎప్పుడూ టేపు చివరే ఉంటుంది. నాన్న ఎప్పుడూ టేపు మొదటినుంచి వింటారు. అంటే ఆమె పాట స్పీకర్లలోకి వచ్చేసరికి, పెట్టె అప్పటికే చాలాసేపుగా మోగుతూ, దూదిచొక్కాలో ఉడుకుతూ ఉంటుంది. ఆమె గొంతును మేము ఒక్కసారి కూడా చల్లటి పెట్టెలో వినలేదు.

ఇంటికి వచ్చి ముందు టేపురికార్డరు సొంత స్పీకరులో ఆ చరణం పెట్టాను. చీలలేదు. నాన్న ఒప్పుకోలేదు. అగ్గిపెట్టెంత స్పీకరులో ఏ తప్పూ వినపడదనీ, ఈ పెట్టె కొన్నదే అందుకనీ అన్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. కాబట్టి ఆ సాయంత్రం, నాన్న పెరట్లో జామచెట్టుకు పాదు చేస్తుండగా, ఆయనకు చెప్పకుండా టేపు చివరికి తిప్పి, చల్లటి పెట్టెలో అక్క చరణం ముందు పెట్టాను.

పాట పైకి వెళ్లింది. ఎక్కడా చీలలేదు. పెరట్లో పార చప్పుడు ఆగింది. నాన్న మట్టిచేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ పెట్టాను. వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను టేపు మొదటికి తిప్పి, పిల్లల పాటలూ మగవాళ్ల పాటలూ వరసగా మోగనిచ్చాను. పెట్టె మీద చెయ్యి పెడితే చొక్కాలోంచే వేడి తెలుస్తోంది. అప్పుడు టేపు మళ్లీ మొదటికి తిప్పి హెడ్మాస్టరుగారి కోడలి పాట పెట్టాను. ఆమె ఇల్లు చర్చి పక్కనే. అందరికంటే ముందు వచ్చి పాడి వెళ్లేది కనక ఆమె పాట ఎప్పుడూ టేపు మొదట్లోనే, పెట్టె చల్లగా ఉండగానే వినేవాళ్లం. ఎత్తు స్వరం దగ్గర ఆమె గొంతు గుడ్డ చింపినట్టు చీలింది.

వంటగదిలోంచి అమ్మ గొంతు వచ్చింది. "ఈవిడ ఏ కోతకెళ్లిందట?"

నాన్న నవ్వారు. మనసారా నవ్వారు. ఆ తరవాత మాస్టారి బుద్ధి మేల్కొంది. సాయంత్రంపూట చేలల్లో మోటార్లు వేస్తారు, బల్బులు కూడా మసకబారతాయి. తప్పు వేడిది కాక ఓల్టేజిది కావచ్చు కదా, అన్నారు.  అందుకని మర్నాడు పొద్దున, బల్బు నిండుగా వెలుగుతున్న వేళ, చొక్కా తొడిగే ఉంచి టేపంతా వినిపించాను. చివర మళ్లీ చీలింది. సాయంత్రం, బల్బు మసకబారిన వేళ, చొక్కా విప్పి వినిపించాను. మొదటినుంచి చివరిదాకా శుభ్రంగా ఉంది. ఓల్టేజికి ఇందులో అసలు పాత్ర లేదని అనను. చీలడానికి అది చాలదని మాత్రం తేలింది.

అమ్మ ఇదంతా తలుపువార నిలబడి చూసింది. ఎవరమూ ఆమెతో చొక్కా మాట ఎత్తలేదు. ఆమే వచ్చి, బల్లమీద విప్పి పెట్టిన దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూస్తున్నట్టు పట్టుకుంది.

"అయితే ఇన్నాళ్లూ దీన్ని ఉడకబెట్టింది నేనా?"

లేదమ్మా, మెకానిక్ చెప్పింది విని జాగ్రత్త చేశావు, అన్నాను. మెకానిక్ కుట్టలేదుగా, అంది. నీడపట్టున కూర్చుని, కత్తెర తెచ్చుకుని, కుట్లు ఒక్కొక్కటీ విప్పింది. దూది వేరు చేసి దిండులో కూరింది. గుడ్డ ఉతికి ఆరేసింది. నీలందారం వాక్యం ఉన్న ముక్క మాత్రం కత్తిరించి గోడకు తగిలించింది. ఆ ముక్కకు మీటల కన్నాలు అలాగే ఉండేవి. ఇంటికి వచ్చినవాళ్లు అవేమిటని అడిగితే అమ్మ ఏదో ఒకటి చెప్పేది, ఎప్పుడూ ఒకే జవాబు కాదు.

మంచి శుక్రవారానికి ముందే మెకానిక్‌ను ఇంటికే పిలిపించాం. మూత మరలు నేనే విప్పి, పక్కన కూర్చుని చూశాను. గోడలోని కరెంటును ట్రాన్సిస్టర్లకు పనికివచ్చే కరెంటుగా మార్చే భాగంలో రెండు పెద్ద కండెన్సర్లు ఉన్నాయి. రెండూ పైన ఉబ్బి, అడుగున గోధుమరంగు జిగురు కారి ఉన్నాయి. ఇలాంటి కండెన్సర్ల లోపల తడి ఉంటుంది. వేడికి అది ఆరిపోతుంది. ఆరినకొద్దీ కండెన్సరు పని తగ్గుతుంది. ఇది పుస్తకంలో ఉన్న సంగతి. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చినవి వేడెక్కాక చేతులెత్తేస్తున్నాయని నేననుకున్నాను. షాపులో బల్లమీద చొక్కా లేకుండా, కాసేపే మోగుతుంది కనక అక్కడ పిల్లిపిల్లలా ఉండేదన్నమాట. ధూళి సంగతికొస్తే, ప్రతిసారీ దులుపుతూనే ఉన్నాడు, ప్రతిసారీ చెడుతూనే ఉంది. కాబట్టి దానికి నేను పెద్ద వాటా ఇవ్వలేను. మెకానిక్‌తో అదే అన్నాను. అతను సోల్డరింగు పొగలోంచి తలెత్తకుండా, "ఘాటు లేదని మాత్రం అనకండి అమ్మాయిగారూ. నేను మూత తీసినప్పుడల్లా తుమ్ముతున్నా," అన్నాడు. దానికి సాక్ష్యం కళ్లెదుటే ఉంది. కాదనలేకపోయాను.

కొత్త కండెన్సర్లు వేశాక, ధూళి కోసం ఒక పల్చటి వాయిలుగుడ్డ మిగిలింది. పెట్టె ఆపి, చల్లారాక మాత్రమే అది కప్పాలి. ఆ నియమాన్ని అమ్మ నాకంటే కఠినంగా పాటించింది. ఆ పెట్టె ఆ తరవాత చాలా వేసవులు మోగింది.

నాన్న ఆ సాయంత్రమే వీధి చివరి ఇంటికి వెళ్లారు. నన్నూ రమ్మన్నారు. అక్క పొయ్యి దగ్గరుంది. లేచి కొంగు సర్దుకుంది. నాన్న చుట్టుతిప్పలు లేకుండా చెప్పారు.

"తప్పు మా పెట్టెదమ్మా. నీ గొంతుది కాదు. చరణం నీదే."

ఆమె ఆయన వెనక ఉన్న నావైపు చూసింది. పరీక్ష చేసింది నేనని ఎవరు చెప్పారో తెలియదు.

"హెడ్మాస్టరుగారి కోడలు ఏమనుకుంటదో."

"ఆమెతో మాట్లాడాను. సంతోషించింది. చీకట్లో సమాధుల మధ్య ఒక్కతే పాడటానికి భయమట."

అక్క అప్పుడు నవ్వింది. మమ్మల్ని కూర్చోమని, పొయ్యిమీది టీ రెండు గ్లాసుల్లో పోసింది. కోత చేతులు, అంచు ముట్టుకోలేదులే, మంట పుట్టదు, తాగండి, అంది. కొంచెం పుట్టింది. చెప్పలేదు.

ఈస్టరు తెల్లవారుజామున మేము ఇంట్లోంచి బయలుదేరుతుండగా నేను టేపురికార్డరు చేతికి తీసుకున్నాను. ఏటా ఆ ఆరాధన రికార్డు చేసే అలవాటు నాన్నది. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని మళ్లీ బల్లమీద పెట్టారు. ఈసారి వద్దన్నారు.  

తోటలో కొవ్వొత్తులు వెలిగాయి. తూర్పు ఇంకా తెల్లబడలేదు. అక్క తెల్లచీర కట్టుకుని, భర్త సమాధి పక్కన, చేతులు రెండూ ముందుకు కట్టుకుని నిలబడింది. ఆ మట్టి ఏడాది గడిచినా పూర్తిగా అణగలేదు. పాస్టరుగారు తల ఊపారు. ఆమె ఎత్తుకుంది. ఏ పెట్టెలోనూ లేని ఆ గొంతును అలా, అంత దగ్గరగా, నేను వినడం అదే మొదలు. స్పీకరు గొంతుకు దూరం తెలియదు. ఈ గొంతు ఆమె నిలబడ్డ చోటునుంచే వస్తోందని, కళ్లు మూసుకున్నా తెలిసింది. చరణం నడిచింది. పైకి వెళ్లేచోటు వచ్చింది. ఆమె వెళ్లింది. రెండో చరణానికి తోటంతా అందుకుంది, నాన్న అందరికంటే గట్టిగా.

ఇంతవరకూ నేను చెప్పినవాటిలో పెట్టె సంగతులకు ఆధారాలున్నాయి. ఒక్కటి మాత్రం తేలలేదు. ఆ తెల్లవారుజామున, ఆ ఎత్తు స్వరం దగ్గర, అక్క గొంతు నిజంగానే ఒక్క క్షణం చీలిందా? నాకు చీలినట్టే అనిపించింది, వెంట్రుకవాసి. ఆమె ఊపిరి తీసుకుందంతే, అని అమ్మ అంది. ఆ క్షణంలో ఎవరో కొవ్వొత్తి పడేసుకుని ఉలిక్కిపడ్డారనీ, తమకేమీ వినపడలేదనీ పక్కవాళ్లన్నారు. నాన్నను అడిగితే, పాట బాగుందన్నారు. అది నేనడిగినదానికి జవాబు కాదు. ఒక గొంతును మూడు జతల చెవులు మూడు విధాలుగా విన్నప్పుడు తీర్పు చెప్పగలిగింది టేపు ఒక్కటే. ఆ టేపు లేదు. నాన్న టేపురికార్డరును కావాలనే ఇంట్లో వదిలి వచ్చారు.